గోరు గుర్తులు గల గుహలు

ఈ నెల మనము దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశమును చూచివత్తము. ఆ దేశపు దక్షిణ కొనలో రియో గ్రాండే దో సుల్ అను రాష్ట్రమున్నది. అక్కడ రోడ్లు వేయుటకు కొండవాలును త్రవ్వినప్పుడు మట్టిగోడలో గుండ్రని సొరంగములు బయటపడుచుండును. కొన్నిటిలో మనిషి వంగి నడువవచ్చును. కొన్ని ఏనాడో పూడిపోయి, వేరు రంగు మట్టి మచ్చలవలె కనబడును.

వీటిని త్రవ్వినదెవరు? హైన్రిక్ ఫ్రాంక్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు లోపలికి ప్రాకి వెళ్లి పరిశీలించెను. గోడలమీద పెద్ద గోళ్లతో గీచిన చారలున్నవి. ఇవి నీరు కోసినవి కావు, మనుష్యులు తొలిచినవి కావు. అంతరించిపోయిన భారీ జంతువుల బొరియలు.

సుమారు 10,000 సంవత్సరముల క్రితము వరకు ఆ ఖండములో నేల స్లోతులు, పెద్ద ఆర్మడిల్లోలు తిరుగాడెను. నేటి స్లోతు చెట్టుకొమ్మకు వ్రేలాడు చిన్న జంతువు. నాటి వాటిలో కొన్ని ఏనుగంత ఉండెను. ఆర్మడిల్లో మన అలుగువలె ఒంటిమీద కవచము గలది. ఈ జంతువులే బొరియలు త్రవ్వినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇక అమెజాన్ ప్రాంతములోని రొండోనియా రాష్ట్రమునకు వెళ్లుదము. 2010లో అమిల్కార్ ఆడమీ అను ప్రభుత్వ భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ ఒక బొరియను చూచెను. దాని శాఖలన్నియు కలిపి సుమారు 600 మీటర్లు! అందులోనుండి 4,000 టన్నుల మట్టి, రాయి బయటికి వచ్చియుండునని అంచనా. ఇది ఒకటి రెండు జంతువుల పని కాదనియు, అనేక జంతువులు తరతరములుగా త్రవ్వినదనియు ఫ్రాంక్ చెప్పుచున్నారు. మొదట గోరు పెట్టిన జంతువు చివరి గదిని చూడలేదు.

104వ కీర్తన వ్రాసిన భక్తుడు అడవి జంతువుల నివాసములను తలంచి దేవుని స్తుతించెను. మనము ఈ బొరియను తలంచి మన పనిని గూర్చి ఆలోచింతము. మన పల్లెలలో ఎన్నో మందిరములు ఇట్లే లేచినవి. తల్లులు ఎసటిలో పోయు బియ్యములోనుండి పిడికెడు తీసి దేవునికి ప్రత్యేకించిరి. పునాదికి రాళ్లు మోసిన తాతలలో కొందరు కప్పు చూడకయే ప్రభువునొద్దకు వెళ్లిరి. నేడు పిల్లలు పట్నములకు పోవుచుండగా, “మా తరువాత ఈ దీపము వెలిగించువారెవరు?” అని పెద్దలు మనలను అడుగుచున్నారు. ఆ ప్రశ్నలోని బాధ నిజమైనది. ఎవరు వత్తురో మనకు కనబడదు. అయినను మన వంతు పిడికెడు మనచేతిలోనే ఉన్నది.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములోని చివరి వచనమును పిల్లలచేత చదివించుడి.