ముందు ట్యాంకు, తర్వాతే రంగు

నాన్న పోయాక మా గుడివాడ ఇంటి షెడ్డులో ఆయన ప్రీమియర్ పద్మిని ఆరేళ్లు కదలకుండా ఉండిపోయింది. 1982 మోడల్, 1089 సీసీ ఇంజిన్, స్టీరింగు పక్కన గేరు. ఆ ఆరేళ్లలో దాని మీద నేను ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. అంత డబ్బూ మిగిలిందనే అనుకున్నాను. నిరుడు దాన్ని బాగుచేయించడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. ఖర్చు తప్పలేదు, వాయిదా మాత్రమే పడింది. వాయిదా పడ్డందుకు వడ్డీ కూడా కట్టాను.

మొదటి నిర్ణయమే తప్పుగా తీసుకున్నాను. పక్కన పెట్టుకున్న లక్ష రూపాయల్లో 85,000 టింకరింగుకు, రంగుకు, సీట్లకు పెట్టేశాను. అమ్మ చూసి మురిసిపోయింది. తర్వాత కొత్త బ్యాటరీ వేసి, ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు మీదే పది లీటర్లు కొత్తది పోయించి సెల్ఫ్ కొట్టాను. బండి స్టార్టయింది. నాలుగు రోజులు తిరిగింది కూడా. ఐదో రోజు విజయవాడ వెళ్తుంటే కంకిపాడు దగ్గర ఆగిపోయింది. అక్కణ్నుంచి తాడు కట్టి ఆటోనగర్‌కు లాక్కుపోయాం.

అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్లుగా ఫియట్ బళ్లు చేస్తున్న మేస్త్రి. బానెట్ ఎత్తి ముందుగా ఆయిల్ గేజ్ తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. "వాసన చూడండి బాబూ" అన్నారు. గుప్పుమని పెట్రోలు వాసన. ఆయిల్ మట్టం కూడా గీత దాటి పైకొచ్చి ఉంది. అంతకు ముందురోజే నేను గేజ్ చూసి, ఆయిల్ తగ్గలేదు కదా అని ధీమాగా ఉన్నాను. ఆ బండిలో పెట్రోలు పంపు ఇంజిన్ పక్కనే బిగించి ఉంటుంది. లోపలి డయాఫ్రం ఎండి చిరిగింది. చిరుగులోంచి పెట్రోలు ఇంజిన్ ఆయిల్లోకి దిగుతోంది. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. "ఇంకొంచెం దూరం తిప్పుంటే క్రాంకు పని పడేది" అన్నారాయన.

కార్బొరేటర్ విప్పితే అడుగున ఎర్రటి బురద. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి ట్యాంకు గోడలకు పట్టుకుంటుంది. ఖాళీగా ఉన్న పైభాగంలో చెమ్మ చేరి తుప్పు పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది ఆ జిగురును కరిగించి, తుప్పు పొరలతో పాటు గొట్టాల్లోకి లాక్కొస్తుంది. నేను పోయించిన కొత్త పెట్రోలే పాత మురికినంతా కార్బొరేటర్‌లోని సన్నని జెట్ల దాకా మోసుకొచ్చింది.

ఈసారి పని ట్యాంకు దగ్గర మొదలైంది. ట్యాంకు దించి, నిప్పుకు దూరంగా ఆరుబయట ఖాళీ చేశారు. లోపల గొలుసు ముక్కలు వేసి ఊపి, తుప్పు వదిలించే ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, లోపలి గోడలకు పూత వేశారు. 4,500 రూపాయలు. రబ్బరు గొట్టాలన్నీ తీసేసి ఇథనాల్‌కు తట్టుకునే రకం వేశారు. పంపుకు ముందు లోపల ఏముందో కనబడే ఫిల్టరు పెట్టారు. ఈ రెండింటికీ 1,800. పంపు కిట్ 900. కార్బొరేటర్ కిట్, మజూరీ కలిపి 3,200. మొత్తం 10,400. జెట్లు శుభ్రం చేసేటప్పుడు మేస్త్రి తీగ ముట్టుకోలేదు. గాలి మాత్రమే కొట్టారు. ఇత్తడి జెట్టులో తీగ పెడితే రంధ్రం పెద్దదై, ఆ తర్వాత పెట్రోలు ఎప్పుడూ ఎక్కువే తాగుతుందట. ఈ 10,400 ముందే పెట్టి ఉంటే కంకిపాడులో ఆగేవాణ్ని కాదు.

అయినా బండి నిలకడగా ఆడలేదు. ఒక సిలిండర్ తప్పుతోంది. ఇంకో షెడ్డులో చూపిస్తే శబ్దం విని, ఇంజిన్ మొత్తం విప్పాలన్నారు. బోరు, పిస్టన్లు, రింగులు, బేరింగులు కలిపి 75,000. నేను దాదాపు ఒప్పుకున్నాను. మా మేస్త్రి ఆపారు. "కొలవకుండా కోయకూడదు బాబూ" అన్నారు.

600 రూపాయలతో కంప్రెషన్ పరీక్ష చేశారు. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కూ గేజ్ పెట్టి సెల్ఫ్ తిప్పారు. మూడింటిలో 115 నుంచి 120 పీఎస్‌ఐ వచ్చింది. మూడో సిలిండర్‌లో 75. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశారు. ఆయిల్ రింగుల సందులను కాసేపు మూస్తుంది. అప్పుడు అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లో ఉన్నట్టు, పెరగకపోతే వాల్వుల్లో. 78 దగ్గర ఆగింది. అంటే బోరు బాగానే ఉంది. హెడ్ ఒక్కటి దించితే చాలు.

దించి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలి ఉంది. టాపెట్ సందు ఏళ్ల తరబడి సరిచేయక బిగిసిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట దాని అంచును తినేస్తుంది. లేత్ షాపులో గట్టి రకం సీట్లు వేయించారు. నాన్న ఈ బండి కొన్నప్పటి పెట్రోల్లో సీసం ఉండేది, అది వాల్వు సీట్లు అరిగిపోకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. వాల్వులు, సీట్లు, గ్యాస్కెట్, మజూరీ కలిపి 18,500. ఆయిల్, ప్లగ్గులు, పాయింట్లు, రేడియేటర్ కడగడం 6,400. పరీక్షతో కలిపి ఇంజిన్‌కు 25,500 అయింది. కొలవడానికి పెట్టిన 600 దాదాపు యాభై వేలు మిగిల్చింది.

తర్వాత బ్రేకులు, టైర్లు, వైరింగు కలిసి 38,000. అప్పటికే చేతిలో డబ్బు లేదు, రంగు తినేసింది. గడువు తీరని ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీసేసి, రావలసిన వడ్డీలో కొంత వదులుకున్నాను. పైగా ఇంజిన్ పనిలో బానెట్‌కు గీతలు పడ్డాయి, ట్యాంకు దించేటప్పుడు ఒలికిన పెట్రోలుకు వెనక మడ్‌గార్డు మీద మచ్చ పడింది. వాటికి మళ్లీ 12,000. బ్యాటరీ కాకుండా అన్నీ కలిపితే 1,70,900. ఇందులో పెట్రోలు దారికి, ఇంజిన్‌కు కలిపి అయింది 35,900. ఆ డబ్బే ముందు పెట్టి, రంగు చివరికి ఉంచుకుని ఉంటే డిపాజిట్ జోలికి వెళ్లే పనే ఉండేది కాదు.

ఈ మధ్య ఒకాయన వచ్చి 1,40,000 ఇస్తానన్నారు. పాత కారు పెట్టుబడి అనే మాట నేనూ విన్నాను. నా లెక్క ఆ మాట ఒప్పుకోదు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు యాభై ఏళ్లు నిండాలి. మా బండికి ఇంకా నిండలేదు. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. విడిభాగాల సంగతి కూడా ముందుచూపుతో ఆలోచించాలి. ముంబై పద్మిని ట్యాక్సీలు తిరిగినన్నాళ్లూ సామాన్లకు గిరాకీ ఉండేది. 2023 అక్టోబరు 30తో అవీ రోడ్డు దిగాయి. అందుకే నా ఆస్తుల జాబితాలోంచి ఈ కారును తీసేశాను. ఇప్పుడు ఇంటి ఖర్చుల్లో దీనికి ఒక గడి ఉంది. అమ్మను ఆదివారం పూట గుడికి తీసుకెళ్లే బండికి అదే తగిన చోటు.

ఆ గడిలో నెలకు 2,000 రూపాయలు రికరింగ్ డిపాజిట్‌గా వేస్తున్నాను. వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కేలా ఇరవై కిలోమీటర్లు నడుపుతాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలవ ఉంచను, తిరిగినంత మేరకే పోయిస్తాను. ఆరు నెలలకోసారి గొట్టాలు నొక్కి చూస్తాను, ఏడాదికోసారి టాపెట్లు సరిచేయిస్తాను. రెండో పంపు కిట్ కొని డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టాను.

ఏళ్ల తరబడి ఆగిన బండి మీ ఇంట్లోనూ ఉంటే వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోయండి. రెండ్రోజులు ఆగి, క్రాంకు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పి చూడండి. ఈలోపు ట్యాంకు దించి ఖాళీ చేయించండి. రంగు షాపుకు వెళ్లడానికి ఇంకా చాలా టైముంది.