కంబదూరులో ఒక సాయంకాలం



కళ్యాణదుర్గం దాటి దక్షిణంగా కంబదూరు దారి పడితే రెండు వైపులా ఎర్రనేల, రాతిగుట్టలు, అక్కడక్కడా తుమ్మచెట్లు కనబడతాయి. ఊరిలో చాళుక్య శైలిలో కట్టిన మల్లికార్జున ఆలయం ఉంది. చరిత్రకారులు ఆ శిల్పాల కొరకు వస్తారు. నేను వెళ్లింది మనుషులను, వారి జీవాలను చూడడానికి. ఈ సీమలో గొర్రెలను, మేకలను కలిపి జీవాలంటారు.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మబ్బులను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మబ్బులు తూర్పు తీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి డస్సిపోతాయి. వేరుశనగ వేసినవారికి కొన్నేళ్లు కాయ దక్కదు, కట్టె మాత్రమే మిగులుతుంది. ఆ కట్టెను కూడా డబ్బుగా మార్చగలిగేవి జీవాలే.

రెండెకరాల మెట్ట ఉన్న ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఇల్లాలు పొదుపు సంఘంలో సభ్యురాలు. సంఘం ద్వారా బ్యాంకు అప్పు తీసి పది గొర్రెలు కొనాలని ఇంటాయన ఆశ. ఆమె మాత్రం ఒప్పుకోలేదు.

"గొర్రె చస్తే నష్టం మాదే అయ్యా. కంతు కట్టకపోతే సంఘం మాట పోతుంది. నా వల్ల తక్కిన ఆడోళ్లకు అప్పు పుట్టకపోతే ఏ ముఖంతో వాళ్ల మధ్య కూర్చునేది?"

ఆమె భయానికి కారణముంది. మునుపు చేబదులు తెచ్చి కొన్న మూడు గొర్రెలు తొలకరి గడ్డి మేసి చిటుక రోగంతో ఒక్క రాత్రిలో పోయాయి. టీకా వేయించలేదు. బీమా లేదు. ఆ బాకీ కూలి చేసి తీర్చారు.

హామీగా పెట్టడానికి ఆస్తి లేని ఆడవారికి ఒకరి మాట మరొకరికి పూచీగా నిలిచే ఈ పద్ధతి 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలపడంతో దేశమంతా పాకింది. ఈ పద్ధతికి బలమూ బరువూ ఆ మాటే. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మితిమీరినందున 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిందన్న సంగతి కూడా మరువరాదు.

ముగ్గురం లెక్క వేశాము. గొర్రె చూలు అయిదు నెలలు. పిల్ల అమ్మకానికి రావడానికి మరో నాలుగైదు నెలలు. కంతు మాత్రం వచ్చే నెల నుండే మొదలవుతుంది. పది గొర్రెల కంతు కూలి డబ్బుతో కట్టడం వారి వల్ల కాదు. అయిదింటికైతే కట్టగలరు.

చివరకు ఇంటాయన తల ఊపాడు. "అయిదే తెస్తాములే. చూడి గొర్రెలను చూసి తెస్తాను. పొట్టేలు మా మామ మందలో ఉంది."

"వానలకు ముందే టీకా వేయించాల. చెవికి బీమా బిళ్ల వేసినాకనే దొడ్లోకి తోలేది" అన్నది ఆమె.

పొద్దు గుంకింది. పొరుగువారి మంద దుమ్ము రేపుకుంటూ ఇంటికి వచ్చింది. ఇద్దరూ లేచి ఆ గొర్రెలనే చూస్తూ నిలబడ్డారు.

చదువరులారా, మన ఊళ్లలో కూడా అప్పు కొరకు తిరిగే కుటుంబాలున్నాయి. డబ్బు ఇవ్వలేకపోయినా, వారి అరుగు మీద కూర్చొని కంతుల లెక్క వేసి పెట్టగలం గదా! అదీ సహాయమే.