పురుడు పొయ్యడానికి నైరోబీ వెళుతున్నారా?

విదేశానికి వెళ్లాలంటే పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు ఉంటే చాలని మీరు అనుకుంటూ ఉండవచ్చు. కొన్ని దేశాలకు ఈ మూడూ చాలవు. నాలుగో కాగితం ఒకటి కావాలి. అది పసుపురంగు కార్డు. దాన్ని ఇచ్చేది రాయబార కార్యాలయం కాదు, టీకా వేసే డాక్టరు.

కిందటి ఏడాది ఒక రిటైరైన మాస్టారు, ఆయన భార్య నా దగ్గరకు వచ్చారు. కూతురూ అల్లుడూ నైరోబీలో ఉంటున్నారు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. కానీ నెలలు నిండిన పిల్లను విమానం ఎక్కనివ్వరు కదా! అందుకని తల్లే బయలుదేరింది. పసుపు, కుంకుమ, కాయం పొడి, పాత చీరల పొత్తిగుడ్డలు అన్నీ సర్దుకున్నారు.

"ఏదో సూది వేయించుకోవాలట డాక్టరు గారూ, టిక్కెట్లు ఇచ్చినాయన చెప్పాడు. హైదరాబాదు వెళ్లి ఇద్దరం వేయించుకొచ్చేస్తాం. మీరు బీపీ ఒకసారి చూసి పెట్టండి" అన్నారు మాస్టారు.

బీపీ చూశాను. బాగానే ఉంది. తరవాత, ఎవరు ప్రయాణమైనా అడిగే ప్రశ్నే ఆవిడనూ అడిగాను: "అమ్మా, ఎప్పుడైనా ఆపరేషను జరిగిందా?"

"చాలా ఏళ్ల కిందట ఛాతీలో చిన్న గడ్డ తీశారండీ. అప్పట్లో కనురెప్పలు వాలిపోయేవి, ముద్ద మింగుడు పడేది కాదు. ఇప్పుడేమీ లేదు. మాత్రలు కూడా మానేశాను."

నేను పెన్ను కింద పెట్టేశాను. పాత ఫైలు తెప్పించి చూస్తే అనుమానం నిజమే అయింది. ఆవిడకు వచ్చింది మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత. తీసేసింది థైమస్ గ్రంథిని. ఆ టీకా ఆవిడకు వెయ్యకూడదు!

ఆ మాట చెప్పగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నేను వెళ్లకూడదా అండీ? దానికి అక్కడ ఎవరున్నారు?" అంది. ఆవిడకు ఏం చెప్పానో తెలియాలంటే ముందు ఈ జబ్బు సంగతి మీకు కొంచెం తెలియాలి.

ఎందుకంత కట్టుదిట్టం?

ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ ఉన్న జ్వరం. జ్వరం, ఒళ్లునొప్పులు, వాంతులతో మొదలవుతుంది. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి, రక్తస్రావం అవుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు. ఉన్నదల్లా టీకా ఒక్కటే.

దోమకాటుతో ఇది వస్తుందని క్యూబా డాక్టరు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం పరీక్షలు చేసి అదే నిజమని తేల్చింది. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో కదా, దాదాపు ఆ రోజులే అన్నమాట. 1937లో మాక్స్ థైలర్ టీకా తయారుచేశాడు. అందుకు ఆయనకు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు వేస్తున్నదీ ఆ వంగడమే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ జ్వరం మన దేశంలో లేదు. కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ మన ఇంటింటా ఉంది. మనకు డెంగీ అంటించేది కూడా అదే. క్రిమి రక్తంలో ఉన్న మనిషి ఒక్కడు వచ్చి, మన దోమ ఒక్కటి అతన్ని కుడితే చాలు. అందుకే మన ప్రభుత్వం ఇంత పట్టుదలగా ఉంటుంది. జబ్బున్న దేశాల జాబితాలోని దేశం నుంచి బయలుదేరి ఆరు రోజుల్లోపల ఇక్కడ దిగినవారు కార్డు చూపించాలి. చూపించలేకపోతే ఆరు రోజుల వరకూ విడిగా ఉంచుతారు. మీరు మన దేశస్థులే అయినా సరే, ఇంటి దగ్గర పెళ్లి ఉన్నా సరే!

ఆరు రోజులే ఎందుకంటారా? దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఆరు దాటినా ఏమీ రాలేదంటే మీ ఒంట్లో ఆ క్రిమి లేనట్టే.

కార్డులో పది రోజుల లెక్క కూడా ఒకటుంది. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఒంట్లో రక్షణ తయారుకావడానికి అంతకాలం పడుతుంది మరి. టీకా రేపు వేయించుకుని ఎల్లుండి విమానం ఎక్కితే చేతిలో కార్డు ఉంటుంది గాని ఒంట్లో రక్షణ ఉండదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం జన్మంతా చెల్లుతుంది. 2016 జులై 11 నుంచి ఈ నియమం వచ్చింది. మీ పాత కార్డు మీద పదేళ్లని రాసి ఉన్నా దిగులు పడకండి, అదీ చెల్లుతుంది.

టీకా ఎవరికి పనికిరాదు?

ఇది బతికున్న క్రిమిని నీరసపరచి చేసిన టీకా. రోగనిరోధక శక్తి సరిగా ఉన్నవారిలో చాలామందికి పెద్ద ఇబ్బంది ఉండదు. సాధారణంగా వస్తే రెండు రోజులు ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం. ఆ శక్తి తగ్గినవారిలో మాత్రం క్రిమి విజృంభించవచ్చు. థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవారూ, దాన్ని తీయించుకున్నవారూ, క్యాన్సరు మందులు వాడుతున్నవారూ, ఎక్కువ మోతాదులో స్టీరాయిడ్లు తీసుకుంటున్నవారూ, గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లెక్కి ఆయాసం వచ్చేవారూ ఆ మాట దాచకండి. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలకు సాధారణంగా వెయ్యరు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అరవై దాటి మొదటిసారి వేయించుకునేవారు డాక్టరుతో మంచిచెడ్డలు మాట్లాడి నిర్ణయించుకోవాలి.

మన మాస్టారికి 66 ఏళ్లు. ఏ జబ్బూ లేదు. అల్లుడు మసాయి మారా అడవికి తీసుకెళతానన్నాడట. అక్కడ టీకా అవసరమే. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆయన వేయించుకున్నారు. విశాఖపట్నంలో అయితే పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. రోజూ వెయ్యరు కాబట్టి ముందుగా కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకువెళ్లండి. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, సంతకం, ముద్ర, తేదీ ఉన్నాయా అని అక్కడే చూసుకోండి.

మరి ఆ తల్లి సంగతో?

రెండు విషయాలు ఆవిడకు కలిసొచ్చాయి. మొదటిది, మన దేశం నుంచి తిన్నగా వచ్చినవారిని కెన్యాలో ఈ కార్డు అడగరు. మనవాళ్లు మాత్రం తిరిగి వచ్చేటప్పుడు అడుగుతారు. రెండోది, కెన్యాలో చాలా భాగానికి టీకా కావాలి గాని, నైరోబీ నగరం దాటని వారికి సాధారణంగా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"అమ్మా, నైరోబీ వెళ్లండి. కాని ఊరు దాటవద్దు. సింహాలను మాస్టారు చూసి వచ్చి మీకు చెబుతారు" అన్నాను. వాళ్లబ్బాయి దుబాయిలో ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో అతని దగ్గర ఏడు రోజులు ఉండి రమ్మన్నాను. అప్పటికి కెన్యా విడిచి ఆరు రోజులు దాటిపోతుంది, కార్డు లేకున్నా ఇక్కడ ఆపవలసిన పని ఉండదు. దుబాయి వీసా, పాస్‌పోర్టు మీద ముద్రలు, విమానంలో ఇచ్చిన చీటీలు జాగ్రత్త చెయ్యమన్నాను. ఆడిస్ అబాబా మీదుగా వచ్చే చవక టిక్కెట్టు వద్దన్నాను. ఇథియోపియా కూడా ఆ జాబితాలోనిదే మరి!

దుబాయి అనగానే మాస్టారి మందుల సంచీ విప్పించాను. మోకాలి నొప్పికి ట్రామడాల్ మాత్రలున్నాయి. మనకది నొప్పి మాత్ర. అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళితే నేరం. కోడీన్ ఉన్న దగ్గుమందూ అంతే. వాటిని ఇక్కడే వదిలిపెట్టించి పారాసిటమాల్ రాసిచ్చాను. మీరు ఏ దేశం వెళ్లినా మందులను అట్టలతోనే, డాక్టరు చీటీతో సహా, చేతిసంచీలో పెట్టుకోండి.

నైరోబీ ఎలా ఉంటుంది?

ఆఫ్రికా అంటే మండుటెండ అనుకునేరు! నైరోబీ భూమధ్యరేఖకు దగ్గరే గాని దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా స్వెట్టరు లేనిదే ఉదయం బయటికి రాలేరు. ఎత్తు మూలాన దోమలు తక్కువ. కింద సముద్రం ఒడ్డున ఉన్న మొంబాసాకో, విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుముకో వెళితే మాత్రం మలేరియా ఉంది, డాక్టరును అడిగి ముందుగా మాత్రలు మొదలుపెట్టాలి. కండరాల బలహీనత ఉన్నవారికి క్లోరోక్విన్, క్వినైన్ పడవు.

భోజనానికి దిగులు లేదు. అక్కడివాళ్ల ఉగాలి అచ్చం మన సంకటి ముద్దే, మొక్కజొన్న పిండితో చేస్తారు. వాళ్ల భాషలోనూ చపాతీ చపాతీయే, చాయ్ చాయే. మందును 'దవా' అంటారు. మన దవాఖానా గుర్తుకొస్తుంది కదూ! నీళ్లు మాత్రం కాచి చల్లార్చి తాగండి.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా పద్ధతి తీసేసింది. దాని బదులు ఇంటర్నెట్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. పిల్లలకూ విడిగా ఉండాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. దేశాల జాబితాలూ నియమాలూ మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనే ముందు మరోసారి చూసుకోండి.

ఆవిడ వెళ్లి మూడు నెలలుండి వచ్చింది. మనవరాలికి తన చేత్తో నలుగు పెట్టి స్నానం చేయించిందట. దుబాయిలో వారం గడిపి, హైదరాబాదులో దిగి తిన్నగా ఇల్లు చేరింది. మాస్టారు కార్డు చూపించి వెనకే నడిచారు.

"ఆ గడ్డ సంగతి మీరు అడగకపోతే నేను చెప్పేదాన్నే కాదు డాక్టరు గారూ. ఎప్పటిదో కదా అనుకున్నాను" అందావిడ.

మీరు మాత్రం అలా అనుకోకండి. నయమైపోయిన జబ్బునూ, మానిపోయిన గాయాన్నీ కూడా టీకా వేసే ముందు చెప్పండి. బయలుదేరడానికి కనీసం నెల రోజుల ముందు మీ డాక్టరును కలవండి.