ట్రేల మీది మరక

అటక మీది నుంచి మూడు పాత ప్లాస్టిక్ ట్రేలు కిందికి దిగాయి. ఒకప్పుడు పెద్దాయన స్టూడియోలో బ్రోమైడ్ పేపర్ మీద బొమ్మలు తేలింది వీటిలోనే. ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న మనవడు ఇప్పుడు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు తీస్తానంటున్నాడు. చూస్తే ట్రేల అడుగంతా గోధుమరంగు, నలుపు మరకలు. గాలి తగిలి పాడైన డెవలపరూ, పేపర్ నుంచి దిగిన వెండీ పట్టేసినవి. సబ్బుకు లొంగవు.

"దీనికేం భాగ్యం మామయ్యా!" అంటూ కోడలు బ్లీచింగ్ పౌడర్ చల్లి, బాత్రూమ్ యాసిడ్ సీసా మూత తిప్పబోయింది.

"ఆగమ్మా!"

ఆ అరుపుకి ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. మూసిన గదిలో ప్రాణాల మీదికి తెస్తుంది.

స్టూడియో రోజుల్లో ఆయన ఊళ్లో లేనప్పుడు, సాయం చేద్దామని ఆయన భార్య డార్క్‌రూమ్‌లో చేసింది సరిగ్గా ఇదే. దగ్గుతూ, కళ్లు మండుతూ బయటికి పరుగెత్తుకొచ్చింది. తిరిగొచ్చిన ఆయన "ట్రేలు పాడుచేశావా?" అని కసిరారు. "నీకెలా ఉంది?" అని మాత్రం అడగలేదు. ఆవిడ మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

ఆయన పద్ధతి వేరు. లీటరు నీళ్లలో 2 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ కరిగించి, 4 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నెమ్మదిగా కలపాలి. నీళ్లలో యాసిడ్ పోయాలే గానీ, యాసిడ్‌లో నీళ్లు పోస్తే మీదికి చిమ్ముతుంది. బాత్రూమ్ యాసిడ్ ఇందులోనూ పనికిరాదు. దీంతోనూ క్లోరిన్ వస్తుంది. కొద్ది నిమిషాలు ఉంచి శుభ్రంగా కడిగాక, పర్మాంగనేట్ వదిలిన గోధుమరంగు మిగులుతుంది. లీటరు నీళ్లలో సోడియం బైసల్ఫైట్, సోడియం సల్ఫైట్ 30 గ్రాముల చొప్పున కలిపి పోస్తే అదీ పోతుంది. చివర్లో మళ్లీ కడగాలి. అంతకుముందు ఆయన డైక్రోమేట్ వాడేవారు, అదీ ఒట్టి చేతులతో. అది క్యాన్సర్ తెచ్చే సరుకని తెలిశాక మానేశారు.

మర్నాడు సరంజామా అంతా పెరట్లోకి చేరింది. పెద్దాయన గ్లౌజులు, కళ్లద్దాలు, కొలగ్లాసు కోడలి చేతికిచ్చారు.

"నువ్వే కలుపమ్మా."

మధ్యాహ్నానికి ట్రేలు తెల్లబడ్డాయి. మనవడు వాటిని ఎత్తి చూసి మురిసిపోతున్నాడు. పెద్దాయన అటు చూడలేదు.

"కళ్లేం మండటం లేదు కదమ్మా?" అని కోడలిని అడుగుతున్నారు.