ఆరని చెక్క

ఏప్రిల్ 15, 2025. మైపాడు

నిన్న అర్ధరాత్రి నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజను పడవలన్నీ ఒడ్డు మీదే. చిన్నాయన తన పడవను ట్రాక్టరుతో లాగించి సరుగుడు తోపు పక్కకు చేర్పించాడు. 28 అడుగుల ఫైబర్ పడవ, సునామీ తర్వాత పంచిన వాటిలో ఒకటి. పైన రంగు బాగానే ఉంది. ఐఎన్‌డి ఏపీ అంటూ మొదలయ్యే నంబరు కూడా చెరగలేదు. కానీ ఏడాదిగా ఇంజను వేగం పెంచితే వెనక చెక్క ఊగుతోందని చిన్నాయన గోల.

పడవలు బాగుచేసే మేస్త్రీ సుత్తి తిరగేసి కామతో వెనక నుంచి ముందుకు కొట్టుకుంటూ పోయాడు. గట్టి చోట ఖణేల్‌మంటోంది. ఇంజను బోల్టుల కింద మాత్రం శబ్దమే లేదు.

"లోపల చెక్క లేదు మామా. పిప్పి ఉండాది."

ఏప్రిల్ 18

వెనక భాగం కోశారు. బయటి ఫైబరు పొరను ముట్టుకోలేదు. పడవ ఆకారాన్ని పట్టుకుని ఉన్నది అదే. లోపలి పొరను మాత్రం అంచుల్లో రెండంగుళాలు వదిలి గ్రైండరుతో చతురస్రంగా కోశాడు మేస్త్రీ. రేపు కొత్త పొర ఎక్కి కూచోడానికి ఆ అంచు కావాలి. పలక ఊడగానే పుల్లటి, కుళ్లిన వాసన. ఒకప్పుడు ప్లైవుడ్డుగా ఉన్నది ఉలి అవసరం లేకుండా చేత్తోనే ఊడొస్తోంది. పిండితే నీళ్లు.

ఫైబర్ పుచ్చదు, ఫైబర్ చివకదు అని ఇన్నేళ్లూ ఊరంతా అనుకుంటున్నారు. ఆ మాట నిజమే. అయితే ఫైబరు తొడుగు మాత్రమే. ఇంజను బరువు, దాని తోపుడు, దాని అదురు, మూడింటినీ మోసేది రెండు పొరల నడుమ ఉన్న చెక్క. ఆ చెక్క పుచ్చుతుంది. కప్పేసి ఉంది గనక మనకు కనపడకుండా పుచ్చుతుంది. చెక్క పడవల కాలంలో పలక మెత్తబడితే చూడగానే తెలిసేది.

ఏప్రిల్ 20

చిన్నాయన చిన్నప్పుడు తెప్ప మీద వేటకు పోయాడు. ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి, దుంగలు దేనికది విడదీసి ఇసకలో ఆరబెట్టేవాళ్లట. మర్నాటి తెల్లవారుజామున మళ్లీ కట్టుకోవడం. "నీళ్లు తాగిన దుంగ బరువబ్బయ్యా. ఈడ్చలేవు, తోయలేవు." చెక్కకు రోజూ ఆరే వేళ ఉండాలన్న సంగతి ఈ తీరానికి కొత్త కాదు. ఫైబరు వచ్చాక ఆ పని అక్కర్లేదనుకున్నారు.

ఫైబరు సునామీతోనే వచ్చిందనుకుంటారు గానీ, అంతకు చాలా ముందే ఇటు చూసింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్లు అలలు దాటి నేరుగా ఇసక మీదికి ఎక్కగల పడవలను తయారుచేసి, ఆంధ్ర సహా తూర్పు తీరంలో పరీక్షించారు. మన తీరంలో సహజమైన రేవులు తక్కువ, అలల పోటు ఎక్కువ. అందుకే అంత శ్రమ. 2004 డిసెంబరు 26 తర్వాత మాత్రం ఫైబరు వరదలా వచ్చింది. తెప్పలు, వలలు పోయిన ఊళ్లకు ప్రభుత్వమూ సేవాసంస్థలూ పడవలు పంచాయి. వేలకొద్దీ పడవలు తొందరలో పోశారు. లోపల ఏ చెక్క పెట్టారో, దాని అంచులకు రెసిన్ పూశారో లేదో అడిగే తీరిక అప్పుడెవరికుంది? ఈ పడవ చెక్క అంచులకు పూత లేదని పిప్పి తీశాకే తెలిసింది.

ఏప్రిల్ 26

వేట నిషేధ భృతి ఈ ఏడు ఇరవై వేలు. ముఖ్యమంత్రి శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ఇవాళ మొదలుపెట్టారు. నిరుడిదాకా పది వేలు. ఇక్కడి ఇళ్లల్లో ఆ డబ్బు బియ్యానికి, బడి ఫీజులకు, వల తాళ్లకు పోతుంది. పడవ బాగుకు మిగలదు.

నాకు ఎప్పుడూ ఒకటి అనిపిస్తుంది. కొత్త పడవకు రాయితీ అంటే నాయకులకు ఫొటో ఉంటుంది. పాత పడవ వెనక చెక్క మార్చడానికి రాయితీ అంటే ఫొటోకి ఏమీ ఉండదు. కానీ నలుగురు మనుషులు సముద్రంలోకి పోయేది ఆ చెక్కను నమ్ముకునే.

మే 2

మధ్య అర కూడా తెరిచారు. పడవ మునగకుండా తేలేందుకు పోసిన పఫ్ ఫోము ఉంది అందులో. ముక్కలు కోసి ఎత్తితే ఒక్కోటి నీళ్ల బిందె అంత బరువు. తేల్చాల్సింది ఇన్నేళ్లూ కిందికి లాగుతూ ఉండింది. అంతా గోతిలో వేశాం.

నీళ్లు ఎట్టా చేరాయో మేస్త్రీ వేలు పెట్టి చూపించాడు. ఒంటి సిలిండరు డీజిలు ఇంజను అదురుకు బోల్టు కొంచెం వదులవుతుంది. ఆ సందులోంచి చెమ్మ. సీటు చెక్కకు కొట్టిన ప్రతి మేకూ ఒక దారి. ఉప్పునీటి కంటే వాననీరే ఎక్కువ చెరుపు. ఉప్పు బూజును కొంత ఆపుతుంది, వాననీటిలో దానికి అడ్డం లేదు. మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు పడవ నిండా నీళ్లు నిలిచాయి. ఎవరూ తోడలేదు, ఇళ్లే మునిగి ఉన్నాయి.

అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ఓడల మేస్త్రీలు పక్కటెముకల నడుమ కల్లుప్పు కూరేవాళ్లు, చెక్క పుచ్చకుండా. మన ఇసకపల్లి ఉప్పు కయ్యల వాళ్లకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపడరనుకుంటా.

మే 9

ప్లైవుడ్డు కోసం నెల్లూరు. 'వాటర్‌ప్రూఫ్' అని చెప్పి ఏదైనా అంటగట్టే దుకాణాలున్నాయి. మేస్త్రీకి కావలసింది అంచు మీద ఐఎస్ 710 ముద్ర. మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం అది. 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. 18 మిల్లీమీటర్లవి తీసుకుని, రెంటిని కలిపి అతికిస్తే వెనక చెక్కకు మందం సరిపోతుంది. దుకాణాయన ముద్ర లేనిదాన్ని సగం ధరకు ఇస్తానన్నాడు. మేస్త్రీ బదులు చెప్పకుండా ముద్ర ఉన్నదాన్నే భుజానికెత్తుకున్నాడు.

మే 13

ఫైబరు ధూళి. ముక్కుకు గుడ్డ, చేతులకు కొబ్బరినూనె, అయినా మెడంతా దురద. చన్నీళ్లతోనే కడగాలి. వేణ్ణీళ్లు పోస్తే గాజుపొడి చర్మంలోకి ఇంకా దిగుతుందంటారు. మేస్త్రీ కొడుకు మాస్కు లేకుండా గ్రైండరు పట్టుకుంటే చిన్నాయన కేకలేశాడు. బాగా చేశాడు.

మధ్యాహ్నం ఎండుచేపల ఇగురు, మామిడికాయ పప్పు. నిషేధంలో పచ్చిచేప ధర అడగడానికే భయం.

మే 18

టేకు మీద తగువు. చిన్నాయన పాత ఇల్లు పడగొట్టినచోట టేకు దూలం కొన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆరిన కట్టె, బంగారంలా ఉంది. వెనక చెక్కకు అదే పెట్టాలని ఆయన పట్టు.

"టేకులో నూనె ఉండాది మామా. రెసిన్ పట్టదు. పైకి అతికినట్టే ఉంటాది, ఒక ఏడు తిరిగేతలికి పొర లేస్తాది."

"టేకు పుచ్చదు కదరా!"

"పుచ్చదు. ఊడతాది."

ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. చివరికి దూలాన్ని చీల్చి పడవ అంచుల పైన ఒరుసుకునే పట్టీలుగా బిగించడానికి ఒప్పుకున్నారు. అక్కడ బోల్టులే పట్టుకుంటాయి, రెసిన్‌తో పని లేదు. మంచి కట్టెకు తగిన చోటు దొరికింది.

మే 24

పొద్దున ఐదున్నరకే రెసిన్ కలిపారు. రేపటి నుంచి రోహిణి కార్తె. ఎండ ఎక్కితే రెసిన్ డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తుంది. అందుకే క్యాటలిస్టు తగ్గించి, కొంచెం కొంచెంగా కలుపుతాడు. కోబాల్టును ముందే రెసిన్‌లో కలిపి ఉంచాడు. కోబాల్టూ క్యాటలిస్టూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. సీసాలు రెండూ పడవకు చెరో వైపున పెట్టించాడు, పిల్లలు దగ్గరికి రాకుండా.

నిన్న రాత్రి పాలిథీన్ ముక్కను బయటి పొర లోపలి ముఖానికి అంటించి వదిలారు. పొద్దున దాని కింద చెమట లేదు. పూర్తిగా ఆరిందని గుర్తు. చెమ్మ 20 శాతం లోపున్న చెక్కను బూజు తినలేదు. ఇన్నాళ్లు ఆరబెట్టింది అందుకే.

గరుకు కాగితంతో తోమిన బయటి పొర మీద రెసిన్‌తో తడిపిన గాజునార మ్యాట్ పరిచి, రెసిన్ పూసిన ప్లైవుడ్డును అదిమి, పాత ఇంజను బొక్కల్లోంచే బోల్టులు వేసి బిగించారు. సరుగుడు గుంజలు ఆనించి వెనక్కి నెట్టారు. నాలుగు అంచుల్లోంచీ రెసిన్ ముద్ద బయటికి పొంగే దాకా మేస్త్రీ బిగిస్తూనే ఉన్నాడు. ఎక్కడ పొంగలేదో అక్కడ లోపల గాలి ఉన్నట్టు. గాలి ఉన్నచోటే రేపు నీళ్లు.

సముద్రపు గాలి తిరిగేలోగా మూలల్లో పుట్టీ పట్టించి గుండ్రం చేశాడు. గాజుగుడ్డ లంబకోణంలో వంగదు, మూలలో లేచి నిలుస్తుంది. తర్వాత మ్యాట్, రోవింగ్, మ్యాట్. ప్రతి పొరా కింది పొరకంటే రెండంగుళాలు వెడల్పు.

నైరుతి ఇవాళే కేరళ తాకిందట. ఇంత ముందుగా రావడం 2009 తర్వాత ఇదే.

మే 27

మబ్బు, జల్లు. పడవ మీద టార్పాలిన్. పని లేదు.

జూన్ 1

అడుగున పొడవునా పోయే దూలాలు. మేస్త్రీ కొత్త చెక్క తెస్తాడనుకున్నాను. పీవీసీ పైపును నిలువునా చీల్చి బోర్లించాడు. దాని మీద నాలుగు పొరల ఫైబరు. ఇక్కడ బలం చెక్కది కాదట, దాని మీద ఎత్తుగా వంగిన ఫైబరు డొప్పదట. లోపల ఏముందన్నది లెక్కలోకి రాదు. ఈ పడవను మొదట పోసినవాళ్లకు ఇది తెలిసుంటే అడుగున చెక్కే ఉండేది కాదు, పుచ్చేదీ కాదు. వెనక చెక్క సంగతి వేరు. అక్కడ బోల్టు నొక్కితే నలగని గట్టిదనం కావాలి. పాత పడవ బాగుచేసేవాడికి రావాల్సిన మొదటి విద్య ఏ కట్టె దేనికి ఉందో తెలియడమే. ఈ మేస్త్రీ దాన్ని ఏ బడిలోనూ చదవలేదు. ఇటువంటివాళ్లకు ఒక షెడ్డు, నాలుగు మంచి మాస్కులు, ఇద్దరు శిష్యులకు జీతం ఇచ్చే పథకం ఏదైనా వస్తే, అది ఈ తీరానికి ఎన్నో కొత్త పడవలతో సమానం.

జూన్ 7

ఇంజను బోల్టులకు బొక్కలు. వేయాల్సిన బోల్టు కంటే లావుగా తొలిచి, లోపలంతా ఎపాక్సీ ముద్దతో నింపి, అది గట్టిపడ్డాక నడిమధ్యలో మళ్లీ సన్నగా తొలిచాడు. బోల్టు వదులైనా నీళ్లకు తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. చిన్నాయన ప్రతి బొక్కలోనూ టార్చి వేసి చూశాడు.

జూన్ 11

సాయంత్రం ఒడ్డు వెంబడి నడిచాను. విడిచేసిన ఫైబర్ పడవలు అక్కడక్కడా ఇసకలో సగం కూరుకుపోయి ఉన్నాయి. కట్టెపడవైతే చివరికి పొయ్యిలోకైనా వచ్చేది. దీన్ని కాలిస్తే విషపు పొగ, పూడ్చినా కరగదు. చాలావాటికి బయటి పొర ఇంకా నిక్షేపంగా ఉంది. పోయింది లోపలి చెక్కే. వాటిలో కొన్నింటినైనా మళ్లీ నీళ్లలోకి పంపవచ్చునని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

జూన్ 15

తెల్లవారకముందే దించారు. గంగమ్మకు పసుపు కుంకుమ, కొబ్బరికాయ. ఫోము, తడిచెక్క బరువు పోవడంతో తోయడానికి నిరుటి కంటే తక్కువమందే సరిపోయారు. అలలు దాటాక చిన్నాయన ఇంజను వేగం పెంచి, ఎడమచేతిని వెనక చెక్క మీద ఆనించి చాలాసేపు ఉంచాడు.

"ఊగడం లేదు," అని అరిచాడు. వెంటనే మేస్త్రీ మీదికి తిరిగి, "షాఫ్టు మాత్రం పైకి లేస్తా ఉండాది. రేప్పొద్దునొచ్చి రెండంగుళాలు దించురా."