బియాస్ మోసుకొచ్చే కొండ

రోహ్తాంగ్ కనుమ దగ్గర బియాస్ సన్నని సెలయేరు. మనాలి చేరేసరికి రెండు గట్లా దేవదారులు, అడుగంతా గుండ్రాళ్లు. ఆ రాళ్లన్నీ ఎప్పటెప్పటి వరదలో దొర్లించుకొచ్చినవే.

మనాలి దాటి కులు వైపు వస్తే లోయ కాస్త విశాలమవుతుంది. వాలు తగ్గినచోట నది బరువు దించుకుంటుంది: ముందు బండలు, ఆ తర్వాత కంకర, ఇసుక. మేట పడ్డకొద్దీ నది అడుగు పైకి లేస్తుంది. నిరుడు గట్టు లోపలే పోయినంత నీరు ఈసారి గట్టెక్కుతుంది. నడిమధ్య మేట వేస్తే పాయ పక్కకు మళ్లి గట్టును కోస్తుంది. గట్టుతోపాటు చెట్లూ, రోడ్డూ పోతాయి. 2023 జూలై వరదలో మనాలి–కులు రోడ్డు ఎన్నోచోట్ల తెగిపోయింది.

అలా కూలిన దేవదారు వేళ్లతో సహా కొట్టుకొచ్చి వంతెన స్తంభానికి అడ్డం తిరుగుతుంది. వేళ్ల గుబురు ఒక స్తంభానికి, మొదలు ఇంకోదానికి తగులుకుంటాయి. దాని మీదికి రెండో మాను, కొమ్మలు, వాటి సందుల్లో ఆకూ గడ్డీ గులకరాళ్లూ. చూస్తుండగానే ఖానా పూడిపోతుంది. వెనక నీరు ఉబ్బి, దారిలేక వంతెన పక్కనుంచి ఊళ్లోకి తిరుగుతుంది. ఆ కుప్ప ఒక్కసారి తెగితే కింది ఊరి గతి మరీ ఘోరం. ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందన్న లెక్కలో ఈ ముప్పు కనపడదు.

భుంతర్ దగ్గర పార్వతి, లార్జీ దగ్గర సైంజ్, తీర్థన్ కలుస్తాయి. అక్కడికి దిగువన, థలౌట్ దగ్గరే, 2014 జూన్ 8న డ్యామ్ వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. బియాస్ పేరు వింటే మనకు ముందుగా గుర్తొచ్చేది వాళ్లే.

ఆ తర్వాత పండో ఆనకట్ట. 2025 జూన్‌లో సైంజ్ లోయకు వరదొచ్చినప్పుడు జలాశయం మీద దుంగలు పరుచుకున్నాయి. సెప్టెంబర్ 4న సుప్రీంకోర్టు, వరదల్లో దుంగలు తేలుతున్న దృశ్యాలు చూసి, అక్రమంగా నరికినట్టే కనిపిస్తోందంటూ కేంద్రానికీ రాష్ట్రాలకూ నోటీసులిచ్చింది. గొడ్డలి సంగతి విచారణలో తేలనివ్వండి. కొండ తొలిచి రోడ్డు వేస్తూ, ఆ మట్టినీ రాళ్లనూ నదిలోకి తోసెయ్యడాన్ని ఆపడానికి మాత్రం ఏ విచారణా అక్కర్లేదు. తొలకరికి ముందే వంతెనల కింద మేట తీయించాలి. ఇకమీదట కట్టే వంతెనలు, నీటికే కాదు, వేళ్లతో వచ్చే మానుకూ దారి వదిలేంత ఎత్తుగా, వెడల్పుగా ఉండాలి.