మరి నేనెప్పుడు నేర్చుకోవాలె అన్నా?

రాత్రి రెండింటికి ఫోన్ మోగితే మా అమ్మ ఉలిక్కిపడి లేచేది. ఎవరికేమైందో అని ఆవిడ భయం. "ఎవరికీ ఏం కాలేదమ్మా, సర్వర్ పడిపోయింది, పడుకో" అనేవాణ్ని. ఏళ్లతరబడి మా ఇంట్లో ఇదే డైలాగ్. ఈ మధ్య ఫోన్ మోగడం బాగా తగ్గింది. కారణం ఏఐ.

నేను హైదరాబాద్‌లో ఐటీ ఆపరేషన్స్‌లో పనిచేస్తాను. మేం కోడ్ రాయం. రాసిన కోడ్ రాత్రీపగలూ నడిచేలా చూస్తాం. డబ్బులు కట్ అయి టికెట్ బుక్ కాకపోతే మీరు తిట్టుకుంటారు చూడండి, ఆ తిట్లు చివరికి చేరేది మాలాంటివాళ్లకే!

చేరిన కొత్తలో నా పని అలర్ట్‌లు చూడటం. ఒక్క డేటాబేస్ నెమ్మదిస్తే చాలు, దాని మీద ఆధారపడ్డ అప్లికేషన్లన్నీ గోల మొదలుపెట్టేవి. పది నిమిషాల్లో వందల అలర్ట్‌లు. పెళ్లింట్లో అందరూ ఒకేసారి మాట్లాడినట్టుండేది. ఆ గోలలో అసలు సమస్య ఎక్కడుందో పట్టుకోవడమే మా ఉద్యోగం.

ఇప్పుడు ఆ పని ఏఐ చేస్తోంది. గార్ట్‌నర్ సంస్థ దీనికి ఏఐఆప్స్ అని పేరు పెట్టింది. మామూలు రోజుల్లో సర్వర్లు ఎలా నడుస్తాయో అది నేర్చుకుంటుంది, తేడా రాగానే పట్టేస్తుంది. వందల అలర్ట్‌లని కలిపి ఒకే టికెట్ చేస్తుంది. ఏది ముందు పాడైంది, అంతకు ముందు ఎవరు ఏం మార్చారు, ఇప్పుడేం చేయాలి... అన్నీ రాసిస్తుంది. డిస్క్ నిండకముందే హెచ్చరిస్తుంది. చిన్న చిన్నవి తనే సరిచేస్తుంది.

అబద్ధమెందుకు, నాకు హాయిగానే ఉంది. కానీ ఒకప్పుడు నైట్ షిఫ్ట్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ముగ్గురమే. ఎవర్నీ తీసేయలేదు. వెళ్లినవాళ్ల చోట కొత్తవాళ్లని తీసుకోలేదంతే.

ఆ ముగ్గురిలో ఒకమ్మాయిది కరీంనగర్. ఇదే మొదటి ఉద్యోగం. మొన్న నెలాఖరు రాత్రి డేటాబేస్ బాగా నెమ్మదించింది. రెండు నిమిషాల్లో ఏఐ సలహా వచ్చింది: డేటాబేస్ రీస్టార్ట్ చేయండి. మెమరీ నిండింది, గతంలో ఇలా అయినప్పుడు రీస్టార్ట్‌తోనే బాగైంది అని కారణాలు కూడా ఇచ్చింది. అన్నీ నిజాలే. ఆ అమ్మాయి వేలు అప్రూవ్ బటన్ మీదికి వెళ్లింది.

"ఆగు!" అన్నాను.

నెలాఖరు రాత్రి బిల్లింగ్ బ్యాచ్ నడుస్తుంటుంది. మధ్యలో రీస్టార్ట్ చేస్తే గంటల పని వెనక్కి పోతుంది. పొద్దున వెళ్లాల్సిన బిల్లులు ఆగిపోతాయి. ఈ విషయం ఓ పాత ఎక్సెల్ షీట్‌లో, మా బుర్రల్లో తప్ప ఎక్కడా లేదు. ఏఐకి ఎవరూ చెప్పలేదు, దానికెలా తెలుస్తుంది? అదే టైమ్‌లో నడుస్తున్న రిపోర్టుల జాబ్ ఒకటి ఆపాం. ఇరవై నిమిషాల్లో సర్వర్ కుదుటపడింది.

"నీకెట్ల తెలిసిందన్నా?" అనడిగింది.

"చేరిన మూడో నెలలో ఇదే తప్పు చేశా. బ్యాచ్ మొత్తం పోయింది. మా మేనేజర్ తిట్టలేదు. అది మళ్లీ మొదట్నుంచి నడిచేదాకా స్క్రీన్ ముందే కూర్చోబెట్టాడు. మధ్యాహ్నమైంది. ఇంక జన్మలో మర్చిపోతానా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "ఇప్పుడన్నీ అదే చేస్తుంది కదా... మరి నేనెప్పుడు నేర్చుకోవాలె అన్నా?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంటికెళ్తూ క్యాబ్‌లో 2024 జులై 19 గుర్తొచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఓ తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. మన దేశంలోనూ ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. అప్‌డేట్‌ని గంటన్నరలోపే ఆపేశారు. కానీ అప్పటికే ఆగిపోయిన చాలా కంప్యూటర్ల ముందు ఒక మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు పని తెలిసిన మనిషి విలువ అందరికీ అర్థమైంది. అలాంటి మనిషి తయారవ్వాలంటే కొన్ని రాత్రులు తంటాలు పడాలి కదా!

అందుకే ఇప్పుడు మా టీమ్‌లో రెండు పనులు చేస్తున్నాం. ఒకటి, ఆ ఎక్సెల్ షీట్‌లో ఉన్నదంతా ఏఐకి అందించాం. రెండోది, ప్రతి బుధవారం టెస్ట్ సర్వర్‌లో కావాలనే ఏదో ఒకటి పాడుచేస్తాం. ఏఐ స్క్రీన్ మూసేస్తాం. లాగ్‌లు చదివి కారణం కొత్తవాళ్లే పట్టుకోవాలి. వాళ్ల జవాబు రాశాకే ఏఐ జవాబు చూడాలి.

మీరూ ఈ ఫీల్డ్‌లోకి వస్తుంటే ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే ఇది మొదలుపెట్టొచ్చు. ఏఐని అడగండి, తప్పులేదు. కాకపోతే ముందు మీ జవాబేంటో ఓ కాగితం మీద రాసుకోండి.

పోయిన బుధవారం ఆ అమ్మాయికి కారణం పట్టుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. పైగా మొదట తప్పు సర్వర్ రీస్టార్ట్ చేసింది. టెస్ట్ బ్యాచ్ మొత్తం పోయింది. బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది.

నేనేమీ అనలేదు. మళ్లీ మొదట్నుంచి నడుస్తున్న బ్యాచ్ ముందు కూర్చోబెట్టి, ఓ కప్పు టీ తెచ్చి పక్కన పెట్టాను.